ఇంటర్ హాలోఆల్కేన్ల పాఠానికి బాల్ అండ్ స్టిక్ మోడల్ కిట్

కిట్ కొనేముందు లెక్కపెట్టాల్సింది హైడ్రోజన్ బంతులు. 2-బ్రోమోబ్యూటేన్ అనే హాలోఆల్కేన్ (హైడ్రోజన్ బదులు హాలోజన్ చేరిన ఆల్కేన్) కట్టాలంటే నల్లవి (కార్బన్) 4, తెల్లవి (హైడ్రోజన్) 9, బ్రోమిన్ ఒకటి, పుల్లలు 13 కావాలి. పక్కన దాని ప్రతిబింబం లేకుండా కైరాలిటీ (అణువు తన ప్రతిబింబంతో అచ్చంగా కలవకపోవడం) చెప్పలేం కాబట్టి అన్నీ రెండింతలు. ఈ కిట్‌లో తెల్లవి 20, పుల్లలు 30 ఉన్నాయి, సరిపోతాయి. రెండు మోడళ్లనూ ఎలా తిప్పినా రెండో కార్బన్ మీది రెండు గుంపులు కలిస్తే మిగతా రెండూ కలవవని పిల్లలు చేత్తో తెలుసుకుంటారు. బోర్డు మీద గీసి ఇది చూపించడం చాలా కష్టం.

ఎస్‌ఎన్2 (ఒక గుంపు వస్తుండగానే ఇంకోటి పోయే ప్రతిక్షేపణ చర్య) దగ్గర అందరూ చేసే తప్పు, బ్రోమిన్ పీకి అదే రంధ్రంలో ఓహెచ్ (హైడ్రాక్సైడ్) గుచ్చడం. హైడ్రాక్సైడ్ వచ్చేది వెనకవైపు నుంచి. కిట్‌లోని 5 రంధ్రాల బంతి అందుకే: మూడు గుంపులు ఒకే తలంలో 120° ఎడంగా, ఓహెచ్, బ్రోమిన్ ఎదురెదురుగా. ఆ తర్వాత గాలికి గొడుగు తిరగబడ్డట్టు మిగతా మూడూ అటు వంగుతాయి.

ఆల్కహాలిక్ కేఓహెచ్‌తో ఎలిమినేషన్ (పక్కపక్క కార్బన్ల మీది హైడ్రోజన్, బ్రోమిన్ పోయి జంట బంధం ఏర్పడే చర్య) చూపేటప్పుడు ఇంకా జాగ్రత్త. రెండో కార్బన్ మీది బ్రోమిన్, మూడో కార్బన్ మీది హైడ్రోజన్ 180° ఎదురుగా వచ్చేలా తిప్పి, రెండింటినీ తీసేయాలి. ఇక్కడ జంట బంధానికి వంగే పుల్లలు వాడితే మోసం జరుగుతుంది. ఖాళీ రంధ్రాలు చెరోవైపు ఉంటాయి, అవి కలవాలంటే ఒక కార్బన్‌ను సగం చుట్టు తిప్పాలి. దాంతో ట్రాన్స్ (మిథైల్ గుంపులు చెరోవైపు) రావాల్సిన చోట సిస్ (రెండూ ఒకేవైపు) వస్తుంది. నిజమైన చర్యలో ఆ తిరగడం లేదు. ఆ రెండు కార్బన్లనూ 3 రంధ్రాల బంతులతో మార్చి, ఎడమవి ఎడమవైపే, కుడివి కుడివైపే ఉంచాలి.

కిట్ అసలు లోపం, పుల్లలన్నీ ఒకే పొడవు. మిథైల్ క్లోరైడ్‌లో కార్బన్–క్లోరిన్ బంధం 178 పికోమీటర్లు, అయొడైడ్‌లో కార్బన్–అయొడిన్ 214. బంధ శక్తులు మోల్‌కు 351, 234 కిలోజౌళ్లు. అయొడైడ్ ఎందుకు చురుకో ఈ మోడల్ చూసి తెలియదు. క్లోరోబెంజీన్‌లో కార్బన్–క్లోరిన్ బంధం 169 పికోమీటర్లకు కుదించుకుపోతుంది, ఆ సంగతీ కనబడదు. ఈ అంకెలు బోర్డు మీద రాసి పెట్టుకోవాల్సిందే.

పుల్లను పక్కకు వంచి లాగితే మొదలు దగ్గర విరిగి రంధ్రంలో ఇరుక్కుంటుంది. కొంచెం మెలితిప్పి నిటారుగా లాగాలి.

ధరకు తగ్గ కిట్టే. 3 రంధ్రాల నల్ల బంతులు కనీసం రెండు లేని పెట్టె మాత్రం తీసుకోవద్దు.