ఫిన్స్‌బరీ సెంట్రల్‌కు రెండు పేజీలు: ఒక నోట్సుపై సమీక్ష

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గరి ఒక జిరాక్స్ అంగడిలో పోటీ పరీక్షల కోసం అమ్ముతున్న చరిత్ర నోట్సును, అందులో లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నియోజకవర్గానికి రెండు పేజీలు కేటాయించారన్న ఒక్క కారణంతోనే కొన్నాను. 1885లో ఏర్పడి 1918లో రద్దయిన ఆ స్థానం నుంచి 1892లో లిబరల్ అభ్యర్థి దాదాభాయి నౌరోజీ ఐదు ఓట్లకు మించని ఆధిక్యంతో బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు ఎన్నికైన తీరును, ఆ స్వల్ప ఆధిక్యాన్ని ఆయన పేరుతో కలిపి ‘నారో మెజారిటీ’ అని అక్కడివారు చమత్కరించిన వైనాన్ని వివరంగా రాశారు. 1888లో ప్రధాని సాలిస్‌బరీ ఆయనను ‘నల్లవాడు’ అని ఎద్దేవా చేసిన సంగతినీ విడిచిపెట్టలేదు. అయితే 1895లో అదే స్థానంలో ఆయన ఓడిపోయిన విషయం లేకపోవడం పెద్ద లోపం. గెలుపును మాత్రమే చెబితే అది నియోజకవర్గ చరిత్ర ఎలా అవుతుంది? అచ్చు మసకగా ఉంది, అంకెలు కూడబలుక్కుని చదవాలి.