ఎనిమిది పెట్టెల బండి పదహారు పెట్టెలైంది: యశ్వంతపుర వందేభారత్‌లో రెండేళ్లు దాటిన ప్రయాణం

మా అమ్మ ఫోన్లో అడిగే ప్రశ్న మారింది. ఒకప్పుడు “టికెట్టు దొరికిందా నాయనా?” అని మొదలుపెట్టేది. ఇప్పుడు “రాత్రికి రొట్టెలు చేయనా, అన్నం వండనా?” అంటోంది. నేను వస్తానా రానా అన్న అనుమానం ఆమె మాటల్లోంచి మాయమైపోయింది. ఆ అనుమానం పోవడానికి నా మాతృభక్తి కారణం కాదు, ఒక రైలు పొడవు పెరగడం కారణం.

నేను ఉండేది బెంగళూరు మత్తికెరెలో. యశ్వంతపుర స్టేషనుకు నడిచిపోయేంత దూరం. సొంత ఊరు కర్నూలు. హైదరాబాద్‌లోని కాచిగూడ నుంచి బెంగళూరు యశ్వంతపురకు వందేభారత్ 2023 సెప్టెంబరు 24న మొదలైంది. ఆ అక్టోబరు నుంచి నెలకు ఒకసారి, వీలైతే రెండుసార్లు దీనిలోనే ఊరికి వెళ్తున్నాను. శనివారం ఇంట్లో భోంచేసి, చెయ్యి కడుక్కుని, సంచి భుజాన వేసుకుంటే మధ్యాహ్నం రెండూ ముప్పావు బండి అందుతుంది. ధర్మవరం, అనంతపురం దాటి రాత్రి భోజనం వేళకు కర్నూలులో దిగుతాను. తిరుగు ప్రయాణం మాత్రం ఎప్పుడో గాని ఇందులో కుదరదు. పొద్దున కర్నూలు నుంచి వచ్చే బండి ఇక్కడికి చేరేసరికి మధ్యాహ్నం రెండవుతుంది, సోమవారం సగం సెలవు పోతుంది. అందుకే ఆదివారం రాత్రి మామూలు ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద తిరిగొస్తాను. కాబట్టి ఇది ఒక దిక్కు ప్రయాణాల సమీక్ష అనుకోండి.

మొదటి పద్దెనిమిది నెలలకు పైగా ఇది ఎనిమిది పెట్టెల బండి. మొత్తం 530 సీట్లు. రెండు రాజధానుల మధ్య, అనంతపురం, కర్నూలు వంటి ఊళ్లను కలుపుకుంటూ పోయే పగటి బండికి 530 సీట్లు ఏ మూలకు? అప్పట్లో ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజులు. దసరాకు ఊరికి వెళ్లాలంటే ఎండాకాలం ముగిసేలోపే ఆలోచన మొదలవ్వాలి. 2024 నవంబరు నుంచి గడువు 60 రోజులకు తగ్గింది గాని, తెల్లవారి ఎనిమిదింటికి వేళ్లు ఫోను మీద పెట్టుకుని కూర్చునే పని తప్పలేదు. నిరీక్షణ జాబితాలో 40 దాటితే ఆశ వదులుకుని బస్సు చూసుకునేవాణ్ణి. పండగ ముందు రోజు ఆ ప్రైవేటు బస్సు వాళ్లు అడిగే ధర ఇక్కడ రాస్తే మా ఇంట్లో వాళ్లు ఇప్పుడు కూడా తిడతారు.

ఆ రోజుల్లో ఎవరైనా “బండి ఎలా ఉంది?” అని అడిగితే “బాగుంది, ఎక్కగలిగితే” అనేవాణ్ణి.

2025 జులైలో దాన్ని 16 పెట్టెలు చేశారు. సీట్లు 1128 అయ్యాయి. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు ఇక్కడ చిన్న తమాషా కనిపిస్తుంది. 530కి రెట్టింపు 1060 కదా, మిగతా 68 ఎక్కడివి? రెండు కొసల్లోనూ లోకో పైలట్ గది ఉంటుంది కాబట్టి ఆ కొస పెట్టెల్లో ఒక్కోదానిలో 44 సీట్లే పడతాయి. మధ్యలో ఉండే చెయిర్ కారు పెట్టెలో 78. బండి ఎంత పొడవైనా కొసలు రెండే. అందుకే పెట్టెలు రెట్టింపైతే సీట్లు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువే అవుతాయి. ఈ లెక్క నాకు అనంతపురం దగ్గర సిగ్నల్ అందని చోట కాగితం మీద తేలింది. పక్క సీటాయన నేనేదో అప్పుల పద్దు రాసుకుంటున్నానని జాలిపడ్డాడు.

మామూలు రైలుకు పెట్టె తగిలించినట్టు దీనికి ఒక్కో పెట్టె తగిలించడం కుదరదు. ముందు ఇంజన్ ఉండి వెనక పెట్టెల్ని లాగే బండి కాదిది. మోటార్లు పెట్టెల అడుగునే ఉంటాయి, ఒకటి విడిచి ఒక పెట్టెకు. నాలుగు పెట్టెలు కలిసి ఒక జట్టు. పై తీగ నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ జట్టుకు జట్టే. ఎనిమిదంటే రెండు జట్లు, పదహారంటే నాలుగు. దేశంలో వందేభారత్‌లు 8, 16, 20 పెట్టెలతోనే కనిపించడానికి కారణం ఇదే. దీని వల్ల మనకు ఒరిగేదేమిటంటే, బండి పొడవైనా బలం తగ్గదు. జట్టుతో పాటే మోటార్లూ వస్తాయి. పదహారు పెట్టెలైన తర్వాత ధర్మవరంలో కదిలేటప్పుడు ఆ మెత్తని ఊపులో తేడా ఉందేమోనని కావాలనే గమనించాను. నాకైతే ఏమీ తెలియలేదు.

తేడా తెలిసింది నా కాళ్లకు. దాదాపు ఏడాదిన్నర సి5 పెట్టెలో ప్రయాణించిన అలవాటుతో, బండి పొడవైన కొత్తలో ఒక సోమవారం కర్నూలు ప్లాట్‌ఫారం మీద పాత చోటే నిలబడ్డాను. అమ్మ కూడా ఉంది. చేతిలో ఆవకాయ జాడీ. నా టికెట్టు సి12 అని ఫోను చెబుతూనే ఉంది, నేను వినలేదు. ఎనిమిది పెట్టెల బండి పొడవు 190 మీటర్ల చిల్లర, పదహారు పెట్టెలది 384 మీటర్లు. బండి వచ్చి, నా ముందు నుంచి సాగి, సాగి, ఇంకా సాగి ఆగింది. తలుపులు వాటంతట అవే మూసుకునే బండి, ఆగేది రెండు నిమిషాలు. ఎదురుగా ఉన్న తలుపులో ముందు అమ్మను, తర్వాత జాడీని, ఆఖరుకు నన్ను ఎక్కించుకున్నాను. అక్కడి నుంచి ఏడు పెట్టెలు లోపలే నడిచాం. పెట్టెకూ పెట్టెకూ మధ్య దారి మూసి ఉంటుంది కాబట్టి గాలీ దుమ్మూ లేకుండా నడవవచ్చు, ఆ మాట నిజమే. కానీ డెబ్బై దాటిన మనిషి, ఊగే బండిలో, అందరి మోకాళ్లూ తప్పించుకుంటూ వెళ్లాలి. మూడో పెట్టెలో అమ్మ ఆగి “ఈ రైలు మన ఊరు దాటిందా, లేదూ మనమే నడిచి బెంగళూరు పోతున్నామా?” అంది. చుట్టూ నాలుగు వరుసలు నవ్వాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి నా సలహా ఒక్కటే: పెట్టె ఎక్కడ ఆగుతుందో స్టేషనుకు పది నిమిషాలు ముందు వచ్చి చూసుకోండి.

సీటు సంగతి. చెయిర్ కారులో వరుసకు అయిదు సీట్లు, మూడూ రెండూ. ఎగ్జిక్యూటివ్‌లో సీటు తిప్పుకోవచ్చు, చెయిర్ కారులో తిప్పలేం. సగం మంది బండి పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. నాకు అలవాటైంది. మా ఆవిడకు ఇప్పటికీ తల తిరుగుతుంది, ఆమె వస్తే నేను ముందే సీటు చూసుకుని తీసుకుంటాను. ఈ రైళ్ల మీద ప్రయాణికులు మొదట్లో చెప్పిన మాటలు విని 2023లో ఇరవై అయిదు మార్పులు చేస్తున్నట్టు ప్రకటించారు. వీపు వాలే కోణం 17.31 డిగ్రీల నుంచి 19.37కు పెంచడం, మెత్త గట్టిదనం సరిచేయడం, చార్జింగ్ పాయింటు అందేలా మార్చడం, నీళ్లు చిమ్మకుండా చేతులు కడుక్కునే తొట్టి లోతు పెంచడం, ఇలాంటివి. రెండు డిగ్రీలంటే కాగితం మీద ఏమీ లేదు. అయిదు గంటల ప్రయాణంలో నాలుగో గంటకు నడుము దాన్ని గుర్తిస్తుంది. అయినా కాచిగూడ దాకా కూర్చోవాలంటే నేను ఎగ్జిక్యూటివ్ వైపు ఆశగా చూస్తాను, తర్వాత ధర చూసి తల తిప్పుకుంటాను. తొట్టి గురించి మాత్రం మా అమ్మే తీర్పు చెప్పింది: “చీర తడవలేదు.” ఆమె దగ్గర అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

భోజనం వద్దనుకుంటే టికెట్టు కొనేటప్పుడే వద్దనవచ్చు, ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. ఒకటి రెండుసార్లు గుత్తేదారు మనుషులు ఇచ్చిన పొట్లం చల్లారిపోయి వచ్చాక నేను వద్దు అనే గడికే వెళ్తున్నాను. కర్నూలు నుంచి వచ్చేటప్పుడు ఇంటి ఉగ్గాని, బజ్జీ డబ్బాలో ఉంటే ఇంకేం కావాలి? ఏసీ పెట్టెలో మిరపకాయ బజ్జీ మూత తీస్తే మూడు వరుసల దాకా వాసన పోతుందని మాత్రం తెలుసుకున్నాను. అప్పటి నుంచి పక్కవాళ్లకు కూడా సరిపడా పెట్టించుకొస్తున్నాను.

వేగం గురించి ఆశలు పెట్టుకోవద్దు. గంటకు 160 కిలోమీటర్లు పోయేలా కట్టిన బండి ఇది. మొదలైనప్పటి వేళల ప్రకారం సుమారు 610 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు పట్టేది, అంటే సగటున గంటకు 72. బండి ఎంత గొప్పదైనా పట్టాలు ఒప్పుకున్నంతే. డోన్–మహబూబ్‌నగర్ మధ్య రెండో లైనుకు 2023లోనే కేంద్ర మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. అది పూర్తయితే ఎదురు బండి కోసం ఆగే గొడవ తగ్గుతుంది. నా కర్నూలు ప్రయాణానికి అందులో దక్కేది డోన్ నుంచి ఉన్న కొద్ది దూరమే అనుకోండి.

బయటి దేశాల్లో బండి పొడవు కథ తిరగబడి నడిచింది. జపాన్‌లో 1997లో వచ్చిన 500 శ్రేణి షింకాన్సెన్ బుల్లెట్ రైలు మొదట 16 పెట్టెలతో, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో తిరిగేది. కొత్తవి వచ్చాక దాన్ని ఎనిమిది పెట్టెలకు కుదించి, 2008 నుంచి ప్రతి స్టేషనులోనూ ఆగే కొదామా బండిగా నడిపారు. బ్రిటన్‌లో 1976 నాటి ఇంటర్‌సిటీ 125 రైళ్లకు కూడా ముసలితనంలో పెట్టెలు తగ్గించి, వాటంతట అవే తెరుచుకునే తలుపులు బిగించి స్కాట్లండ్ ఊళ్ల మధ్య తిప్పారు. అక్కడ ఊరి బండి కావాలంటే పొట్టి అవ్వాలి. ఇక్కడ మన జనానికి పొడవైతే తప్ప ఊరి బండి కాదు.

అవును, ఇది ఊరి బండి అయింది. మొదటి నెలల్లో పెట్టెలో సగం మంది సీటుతో, కిటికీతో, తలుపుతో ఫోటోలు దిగేవాళ్లు. ఎక్కడానికి కాదు, ఎక్కామని చెప్పుకోవడానికి వచ్చినట్టుండేది. ఇప్పుడు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి అట్టపెట్టెలతో దిగుతాడు. బెంగళూరు ఆసుపత్రిలో చూపించుకుని పెద్ద కవరులో ఎక్స్‌రేలు పట్టుకున్న దంపతులు అనంతపురంలో దిగుతారు. వాళ్లు రెండు నెలల ముందే కొన్నవాళ్లు కారు. డాక్టరు వచ్చే వారం రమ్మంటే వచ్చే వారానికి కొన్నవాళ్లు. సామాను ఎక్కువైంది, పైనున్న అర సరిపోవడం లేదు, పిల్లల ఫోన్ల మోత పెరిగింది. ఈ మూడింటినీ నేను ఫిర్యాదుగా రాయబోయి ఆగిపోయాను. 530 మందే ఎక్కగలిగిన రోజుల్లో ఆ అర ఖాళీగానే ఉండేది, ఆ ఎక్స్‌రే కవరు బస్సులో పోయేది.

మార్కులు వేయాలంటే సీటుకు పదికి ఆరు, శుభ్రతకు ఎనిమిది, వేళకు నా శనివారం లెక్కన తొమ్మిది, తిరుగు ప్రయాణం లెక్కన నాలుగు. భోజనానికి వేయను, తినడం లేదు కాబట్టి.

ఈ శనివారానికి గురువారం రాత్రి టికెట్టు కొన్నాను. సి11, కిటికీ పక్కన కాదు. అమ్మకు ఫోను చేసి జొన్న రొట్టెలు చాలన్నాను.