వారిగ్ విమానాల్లో రెండు దశాబ్దాలు: ఒక ప్రయాణికుడి సమీక్ష

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం చదువుకుని, 1980ల నడుమ ఉద్యోగరీత్యా బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రంలో స్థిరపడిన నాకు, బ్రెజిల్ విమానయాన సంస్థ వారిగ్ 2006లో చేతులు మారేదాకా విమాన ప్రయాణమంటే దానిదే. పరిశోధన పనిమీద అమెజాన్ ప్రాంతంలోని బెలేం, మనౌస్ నగరాలకు వెళ్లినా, సెలవులకు విశాఖపట్నం వచ్చేటప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వెళ్లినా, ఆ నీలిరంగు దిక్సూచి గుర్తున్న విమానాన్నే కోరి ఎక్కేవాణ్ని. అంతకాలం వాడిన మనిషిగా నా అభిప్రాయం ఇది: వారిగ్‌ను అంత ఎత్తుకు తీసుకువెళ్లిన యాజమాన్య పద్ధతే చివరికి దాన్ని కదలనివ్వలేదు.

ముందుగా సేవ గురించి చెప్పాలి. రియో నుంచి బయలుదేరిన ఒక రాత్రి విమానంలో అన్నం, నల్లచిక్కుళ్ల కూర వడ్డిస్తున్నప్పుడు నేను మాంసం తిననని చెప్పాను. వడ్డిస్తున్న ఆమె పళ్లెం నా ముందు పెట్టకుండా వెనక్కి తీసుకువెళ్లారు. కాసేపటికి తిరిగివచ్చి, ఆ చిక్కుళ్లను పంది మాంసంతో కలిపి ఉడికించారని కనుక్కున్నానని చెప్పి, అన్నం, చీజ్, బొప్పాయి ముక్కలు, మన కొబ్బరి మొవ్వులా ఉండే పల్మీటో సలాడ్ తెచ్చిపెట్టారు. నేను కూర్చున్నది ఎకానమీ తరగతిలోనే. రియో, సావో పాలోల మధ్య 1992 జనవరి వరకు తిరిగిన నాలుగు ఇంజన్ల ఎలెక్ట్రా విమానాలంటే నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం. వాటి తోక భాగంలో ప్రయాణికులు ఎదురెదురుగా కూర్చునే చిన్న లాంజ్ ఉండేది. రియోలోని సాంతోస్ దుమోంత్ విమానాశ్రయపు పొట్టి రన్‌వే మీద అవి దిగుతున్నప్పుడు గ్వానబారా అఖాతం కిటికీకి ఆనుకున్నట్లే కనిపించేది.

ఈ శ్రద్ధకు మూలం సంస్థ చరిత్రలోనే ఉంది. జర్మనీ నుంచి వలస వచ్చిన ఓటో ఎర్నెస్ట్ మేయర్ 1927లో పోర్టో అలెగ్రేలో వారిగ్‌ను స్థాపించారు. అందులో చేరిన మొట్టమొదటి ఉద్యోగి రూబెన్ బెర్టా 1941లో అధ్యక్షుడై, 1945లో వాటాలలో అధిక భాగాన్ని ఉద్యోగుల ఫౌండేషన్‌కు చెందేటట్లు చేశారు. వైద్యం, అప్పులు, చౌకగా సరుకులు వంటి సౌకర్యాలన్నీ ఉద్యోగులకు ఆ ఫౌండేషన్ ద్వారానే అందేవి. అందువల్ల సంస్థ తమదన్న భావం వారి నడవడికలోనే తెలిసేది.

అయితే ఆ ఎదుగుదలలో ప్రభుత్వాల అండ కూడా ఉందని దాచకుండా చెప్పాలి. 1965 ఫిబ్రవరిలో సైనిక ప్రభుత్వం పనైర్ దో బ్రజిల్ అనే పోటీ విమానయాన సంస్థ అనుమతులను ఉన్నట్టుండి రద్దుచేసి, దాని యూరప్ మార్గాలను వారిగ్‌కు అప్పగించింది. ఒక మంచి సంస్థను అలా అణచివేయడం అన్యాయమని నా నమ్మకం. 1975లో క్రుజైరో అనే మరో విమానయాన సంస్థ కూడా వారిగ్ చేతికి వచ్చాక, విదేశీ మార్గాలలో దానికి చాలాకాలం దేశంలో పోటీ లేకుండా పోయింది.

పతనం ఒక్కరోజులో రాలేదు. 1980లలో ద్రవ్యోల్బణాన్ని అరికట్టడానికి ప్రభుత్వం టికెట్ల ధరలను స్తంభింపజేయగా, ఖర్చులు మాత్రం పెరుగుతూ పోయాయి. 1990 తరువాత విదేశీ మార్గాలు ఇతర సంస్థలకూ తెరుచుకున్నాయి. 1999 జనవరిలో బ్రెజిల్ కరెన్సీ రియాల్ విలువ పడిపోవడంతో, డాలర్లలో కట్టవలసిన విమానాల అద్దెలు ఒక్కసారిగా మోయలేని భారమయ్యాయి. 2001లో వచ్చిన గోల్ అనే కొత్త విమానయాన సంస్థ ఒకే రకం బోయింగ్ 737లతో తక్కువ ధరకు ప్రయాణికులను తీసుకువెళుతుంటే, వారిగ్ ఎన్నో రకాల విమానాలను, వాటికి తగిన మరమ్మతు ఏర్పాట్లను వెంటబెట్టుకుని నడిచింది. కొత్త పెట్టుబడి రావాలంటే ఫౌండేషన్ తన పట్టు వదులుకోవాలి. తమను ఎన్నుకునే ఉద్యోగులకు నచ్చని కోతలు పెట్టడం దాని పెద్దలకు సులభం కాదు. ఎవరో ఒక అధ్యక్షుడి అసమర్థత కంటే ఈ చిక్కుముడే అసలు కారణమని నేను భావిస్తాను.

2005 జూన్‌లో వారిగ్ కొత్త దివాలా చట్టం కింద కోర్టు రక్షణ కోరింది. 2006 జూలైలో జరిగిన వేలంలో, ఒకప్పుడు తన అనుబంధ సంస్థగా ఉన్న సరుకు రవాణా సంస్థ వారిగ్‌లాగ్, పాత అప్పులు మినహా వారిగ్ విమాన వ్యాపారాన్ని 2 కోట్ల 40 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఏడాది తిరగకముందే, 2007 మార్చిలో, ఆ వ్యాపారాన్ని 32 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు గోల్ ప్రకటించింది. అప్పులతో మిగిలిన పాత సంస్థ ఫ్లెక్స్ అనే పేరుతో కొంతకాలం నడిచి, 2010 ఆగస్టులో దివాలా తీసింది.

నా వరకు నష్టం లేదు. కొన్నవారు, తరచూ ప్రయాణించేవారికి మైళ్ల లెక్కన ప్రయోజనాలిచ్చే స్మైల్స్ పథకం బాధ్యతను కూడా తీసుకోవడంతో నేను కూడబెట్టుకున్న మైళ్లు చెల్లుబాటయ్యాయి. ఏళ్లతరబడి మాకు వడ్డించిన, మమ్మల్ని క్షేమంగా దించిన ఉద్యోగులకు ఆ భద్రత దక్కలేదు. 2006 ఏప్రిల్‌లో ప్రభుత్వం వారి పింఛను నిధి ఏరుస్ నిర్వహణలో జోక్యం చేసుకున్నాక, జీతంలోంచి దశాబ్దాలపాటు చందా కట్టిన వృద్ధులకు వాగ్దానం చేసిన మొత్తంలో కొద్ది భాగమే అందింది. ధరల స్తంభన వల్ల వారిగ్‌కు కలిగిన నష్టాన్ని ప్రభుత్వం భర్తీ చేయాలని అత్యున్నత న్యాయస్థానం తేల్చింది 2014లో. అప్పటికి సంస్థ లేదు, ఆ డబ్బు కోసం ఎదురుచూసిన వారిలో ఎందరో కన్నుమూశారు.