బడి పిల్లలున్న ఇంటికి రెండడుగులు మూడడుగుల తెల్ల బోర్డు: ఏ రకం కొనాలి, ఎక్కడ పెట్టాలి

జూన్ రెండో వారంలో బడులు తెరిస్తే మళ్లీ ఏప్రిల్ చివరి దాకా ఇంట్లో పెద్దవాళ్ల తల నిండా తారీఖులే. ఏ రోజు తెల్ల డ్రెస్సు, ఎవరికి ఏ పరీక్ష, బస్ పాస్ గడువు ఎప్పుడు, గ్యాస్ సిలిండర్ పెట్టి ఎన్నాళ్లయింది. ఈ బరువంతా చాలా ఇళ్లలో ఒక్క మనిషే, ఎక్కువగా అమ్మే, మోస్తుంది. ఆ బరువును తల మీంచి గోడ మీదికి దించే వస్తువుల్లో రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న తెల్ల బోర్డుకు మొదటి మార్కు ఇవ్వాలి. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో పెద్ద స్టేషనరీ దుకాణాల్లో ఇది దొరుకుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలు వేర్వేరు తరగతులకు, వేర్వేరు బడులకు పోయే ఇంటికి తప్పకుండా కొనదగ్గది. ఒక్క బిడ్డ, ఒక్క బడి అయితే అవసరం లేదు. గోడ మీది తెలుగు క్యాలెండరే సరిపోతుంది.

దుకాణంలో పక్కపక్కన పెడితే రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి అట్ట మీద మెలమైన్ పూత వేసింది. రెండోది పలుచని ఇనుప రేకు మీద పూత వేసింది, దీనికి అయస్కాంతం పట్టుకుంటుంది. ధరలో తేడా బాగానే ఉంటుంది. అయినా బడి పిల్లలున్న ఇంటికి రేకుదే తీసుకోవాలి. కారణం రాత కాదు, కాగితాలు. టైమ్‌టేబులు, ఫీజు రసీదు, పరీక్షల షెడ్యూలు, బడి నుంచి వచ్చిన సర్క్యులర్ ఇవన్నీ ఎక్కడో పుస్తకాల మధ్య పోకుండా ఒకచోట నిలవాలంటే అయస్కాంతమే దారి. "మ్యాగ్నెటిక్" అని అట్టపెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. చిన్న అయస్కాంతం బిళ్ల వెంట తీసుకుపోయి, దాని కింద రెండు కాగితాలు మడిచి పెట్టి చూడండి. జారకుండా నిలిస్తేనే రేకు సరైన మందం ఉన్నట్టు. బోర్డుతో ఇచ్చే రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు ఒక్క కాగితాన్ని పట్టుకుంటే గొప్ప. నాలుగు నియోడిమియం అయస్కాంతపు బిళ్లలు విడిగా కొనుక్కోవడం మేలు. కానీ అవి చాలా చిన్నవి, బలమైనవి. ఒకటికి మించి మింగితే పేగుల మధ్య అతుక్కుని ప్రాణం మీదికి వస్తుంది. నోట్లో వస్తువులు పెట్టుకునే వయసు పిల్లలుంటే అవి ఇంట్లోకే తేవొద్దు, ప్లాస్టిక్ బిళ్లలతోనే సర్దుకోండి.

కొనేటప్పుడు ఇంకో రెండు పరీక్షలు చేయాలి. బోర్డు నడిమధ్య బొటనవేలితో నొక్కండి. లోపలికి దిగితే లోపల థర్మోకోల్ నింపారన్నమాట, అలాంటిది పిల్లలు ఒత్తి రాసిన చోటల్లా గుంట పడుతుంది. తర్వాత వెనక్కి తిప్పి చూడండి. అట్ట బయటికే కనిపిస్తుంటే, వెనక రేకు గానీ ఫాయిల్ గానీ లేకపోతే, వానకాలం గోడ చెమ్మకు అట్ట ఉబ్బి మూలలు లేస్తాయి. ఇంటికి తెచ్చాక ముందు చేయాల్సిన పని, పైన అంటించి ఉన్న పారదర్శక ప్లాస్టిక్ పొరను పీకేయడం. చాలా ఇళ్లలో కొత్తదనం పోతుందని దాన్ని అలాగే ఉంచుతారు. ఆ పొర మీద సిరా సరిగ్గా తుడుచుకుపోదు, పైగా మన ఎండలకు దాని జిగురు గట్టిపడి తర్వాత తీయబోతే బోర్డు పూతతో సహా లేస్తుంది.

ఇప్పుడు గళ్ల సంగతి. బోర్డు పనికొస్తుందా మూలన పడుతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది. ఆన్‌లైన్‌లో అచ్చువేసిన గళ్లతో వచ్చే వీక్లీ ప్లానర్లు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి గళ్లు ఇంగ్లీషు రాతకు కొలిచినవి. తెలుగుకు పైన గుణింతం, కింద వత్తు రెండూ ఉంటాయి. ఐదు సెంటీమీటర్ల ఎత్తు గడిలో "లెక్కల పరీక్ష" అని రాసి, దాని కింద "స్కేలు, కంపాసు" అని రాయబోతే పై వరుస వత్తులు, కింది వరుస గుడులు కలిసిపోయి ఎవరికీ అర్థం కాదు. నానమ్మ కూడా చదవగలగాలి కదా, పొద్దున డబ్బా సర్దేది చాలాసార్లు ఆమే. అందుకే గీతల్లేని బోర్డు కొని మన కొలతకు మనమే గళ్లు వేసుకోవాలి.

ఫ్రేము పోను లోపల రాసే చోటు దాదాపు 88 సెంటీమీటర్ల వెడల్పు, 58 సెంటీమీటర్ల ఎత్తు మిగులుతుంది. ఎడమ చివర పేర్లకు 11 సెంటీమీటర్లు వదలండి. మిగతా 77లో ఒక్కోటి 11 చొప్పున ఏడు రోజులు సరిగ్గా పడతాయి. పైన రోజుల పేర్లకు 6 సెంటీమీటర్లు, దాని కింద 10 సెంటీమీటర్ల వరుసలు నాలుగు, అట్టడుగున 12 సెంటీమీటర్ల ఖాళీ పట్టీ. 11 బై 10 గడిలో ఒక్కో వరుసకు ఆరేడు అక్షరాల చొప్పున మూడు వరుసలు హాయిగా పడతాయి. వారం సోమవారంతో మొదలుపెట్టి ఆదివారంతో ముగించండి. ఆదివారం చివర ఉంటేనే యూనిఫాం ఇస్త్రీ, బూట్లు ఉతకడం, నోట్‌బుక్కులకు అట్టలేయడం లాంటివి వచ్చే వారం కోసం అన్న సంగతి కంటికి తెలుస్తుంది.

గీతలు పర్మనెంట్ మార్కర్‌తో గీస్తే కొన్నాళ్లు నిలుస్తాయి. కానీ మొదటిసారి శానిటైజర్‌తో తుడిచిన రోజే పోతాయి. బండ్లకు స్టిక్కర్లు వేసే రేడియం షాపులో 3 మిల్లీమీటర్ల సన్న టేపు దొరుకుతుంది, అదే సరైనది. టేపు కొసలు గడి మధ్యలో ఆగితే డస్టర్ తగిలి లేస్తాయి కాబట్టి ప్రతి గీతనూ రెండు వైపులా ఫ్రేము అంచు దాకా లాగి, చివర లోపలికి నొక్కాలి.

నాలుగు వరుసల్లో రెండు పిల్లలవి, మూడోది డబ్బాది, నాలుగోది ఇంటిది. బడిలోనే మధ్యాహ్న భోజనం తినే పిల్లలైతే డబ్బా వరుస అక్కర్లేదు, అది మూడో బిడ్డకు ఇచ్చేయొచ్చు. డబ్బా వరుసలో కూర పేరు రాస్తే చాలదు, ముందు రోజు రాత్రి చేయాల్సిన పని రాయాలి. బుధవారం శనగల కూర అయితే ఆ మాట మంగళవారం గడిలో "శనగలు నానబెట్టు" అని కనిపించాలి. శనగలు ఎనిమిది గంటలన్నా నానాలి, పొద్దున ఐదింటికి గుర్తొస్తే లాభం లేదు. ఇదే పద్ధతి పిల్లల వరుసలకూ. శుక్రవారం చార్టు ఇవ్వాలంటే "చార్టు కొను" అన్నది బుధవారం గడిలో ఉండాలి. గడువు రోజును మాత్రమే రాసి, సన్నాహం రోజు రాయకపోవడం వల్లే బోర్డు ఉన్న ఇళ్లలో కూడా రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ దుకాణానికి పరుగులు తప్పవు.

అడుగు పట్టీ ఈ వారానికి అవతల ఉన్నవాటికి. రాష్ట్ర సిలబస్ బడుల్లో సాధారణంగా చిన్న పరీక్షలైన ఎఫ్‌ఏ-1 జులైలో, ఎఫ్‌ఏ-2 సెప్టెంబరులో ఉంటాయి. పెద్ద పరీక్షల్లో అర్ధసంవత్సరానిది ఎస్‌ఏ-1 దసరా సెలవుల తర్వాత, ఏడాది చివరిది ఎస్‌ఏ-2 ఏప్రిల్‌లో. తారీఖు తెలియగానే పట్టీలోకి ఎక్కించాలి. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు ఇల్లు ఇంకో లెక్కలో నడుస్తుంది. సెలవుల్లో ఇచ్చే హోంవర్కును ఆ ముందు వారమే పట్టీలో రాసుకుంటే, బడి తెరిచే ముందు రాత్రి ఏడుపులుండవు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతే బోర్డు మొత్తం తుడిచి కొత్తగా రాయాల్సిందే. ఎనిమిదింటికి బడి అంటే వంట, నీళ్లు, ఆటో అన్నీ ముందుకు జరుగుతాయి. పదో తరగతి పరీక్షా కేంద్రంగా ఉన్న బడిలో ఆ రోజుల్లో మిగతా తరగతులు మధ్యాహ్నం పూట నడుస్తాయి. ఒకే ఇంట్లో ఒకరికి పొద్దున, ఒకరికి మధ్యాహ్నం పడ్డప్పుడే ఈ బోర్డు విలువ పూర్తిగా తెలుస్తుంది.

బస్సులో పోయే పిల్లల కోసం బోర్డు కింద రెండు కొక్కేలు పెట్టండి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కానీ గుర్తింపు కార్డు చూపిస్తేనే జీరో టికెట్. అందుకని అమ్మాయి కార్డు ఒక కొక్కేనికి, అబ్బాయి బస్ పాస్ ఇంకో దానికి. పాస్ గడువుకు నాలుగు రోజుల ముందు గడిలో "పాస్" అని ఎర్ర రంగులో రాయండి.

మార్కర్ల విషయంలో మందపాటి వాటి జోలికి పోవద్దు. కామ్లిన్, లక్సర్ లాంటి కంపెనీల మామూలు మార్కర్ గీత రెండు మిల్లీమీటర్లు, ఆపైన ఉంటుంది. "క్ష", "ష్ట్ర" లాంటివి దాంతో రాస్తే ముద్దగా వస్తాయి. ఒక మిల్లీమీటర్ సన్న మొన ఉన్నవి అడిగి తీసుకోండి. పిల్లకో రంగు, ఇంటికి నలుపు. ఎరుపును హెచ్చరికలకే ఉంచండి, ఎక్కువ రోజులు వదిలేస్తే గులాబీ నీడ మిగిల్చేది ఇదే. మార్కర్లను గ్లాసులో నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టాలి. మొన పైకి ఉంటే సిరా కిందికి దిగి మొన ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూత సరిగ్గా పెట్టని మార్కర్ ఒక్క పూటలో అయిపోతుంది. అది సిరా అయిపోవడం కాదు, అందులోని ఆల్కహాల్ ఆవిరైపోవడం.

వంటింట్లో మాత్రం పెట్టొద్దు. పోపు వేసినప్పుడల్లా లేచే నూనె ఆవిరి బోర్డు మీద కనిపించని పొరలా పేరుకుని, మార్కర్ గీత తెగిపోతుంటుంది, తుడిస్తే నల్లగా అలుక్కుంటుంది. పడమటి ఎండ నేరుగా పడే గోడ కూడా వద్దు. బయటికి పోయే దర్వాజ పక్కన, చెప్పులేసుకునే చోట అందరి చూపూ పడే గోడ సరైన జాగా. అడుగు అంచు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మూడో తరగతి పిల్లలకు కూడా వాళ్ల వరుస అందుతుంది. వాళ్ల పని అయ్యాక వాళ్లే టిక్కు పెట్టుకోవాలి, పెద్దవాళ్లు పెట్టకూడదు. బిగించడానికి 6 మిల్లీమీటర్ల డ్రిల్, ప్లాస్టిక్ ప్లగ్గులు, నాలుగు మూలలా స్క్రూలు కావాలి. రెండు వైపుల టేపు సున్నం గోడకు పట్టదు. టేపు అంటుకునేది సున్నానికి, గోడకు కాదు. బరువుకు సున్నం పెచ్చుతో సహా ఊడొస్తుంది. రాయి, మట్టితో కట్టిన పాత ఇళ్ల గోడల్లో స్క్రూ నిలవదు. అక్కడ పై దూలానికి రెండు తాళ్లతో వేలాడదీయాలి.

తుడవడానికి పొడి మెత్తని నూలు గుడ్డ, పాత ధోవతి ముక్క అయితే ఇంకా మంచిది. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివి. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే తెల్ల మచ్చలు తేలి, ఆ గరుకులో సిరా ఇరుక్కుంటుంది. పదిహేను రోజులకోసారి గుడ్డ మీద నాలుగు చుక్కల శానిటైజర్ వేసి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడితే చాలు. గిన్నెలు తోమే పీచు, థిన్నర్ తగిలితే పూత పోతుంది, ఇక ఆ చోట ఏం రాసినా చెరగదు. పిల్లలు పొరపాటున పర్మనెంట్ మార్కర్‌తో రాస్తే కంగారు పడొద్దు. ఆ గీత మీదే బోర్డు మార్కర్‌తో దిద్ది, తడి ఆరకముందే తుడిచేయండి, రెండూ కలిసి పోతాయి.

ఇంత చేసినా తెలుగు క్యాలెండర్‌ను గోడ మీంచి తీసేయొద్దు. తిథులు, అమావాస్య నాడు చెరువుగట్టు గుడికి పోయేది, పాల లెక్క, సిలిండర్ పెట్టిన తారీఖు అందులోనే ఉండాలి. బోర్డు వారం తిరిగేసరికి తుడిచేది, పోయిన నెల సంగతి అది చెప్పలేదు. ఆదివారం సాయంత్రం క్యాలెండర్ చూసి బోర్డు నింపడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంటలో పిల్లలు డైరీలతో సహా పక్కన ఉండాలి.

అద్దె ఇంట్లో గోడకు రంధ్రాలు వద్దంటే బోర్డు బదులు అయస్కాంతపు తెల్ల షీటు తీసుకుని ఇనుప బీరువా తలుపుకు అతికించండి. చుట్టలుగా వస్తుంది కాబట్టి ఒక రాత్రి పరుపు కింద పెడితే అంచులు సాపవుతాయి. ఒకటే చిక్కు, షీటు మీద మళ్లీ అయస్కాంతంతో కాగితాలు పెడితే బరువుకు జారిపోతుంది. కాగితాలను బీరువా రెండో తలుపుకు పెట్టుకోవాలి.