బూటు మీది ముఖం ఎవరిది? అడిడాస్ స్టాన్ స్మిత్ జతపై సమీక్ష

తెల్లని పైభాగం, మడమ మీద చిన్న ఆకుపచ్చ పట్టీ, పక్కన మూడు గీతలకు బదులు మూడు వరుసల సన్నని రంధ్రాలు, లేసుల కింది నాలుక మీద ఒక యువకుడి ముఖం, దానికి తోడుగా సంతకం. అడిడాస్ స్టాన్ స్మిత్ బూట్లలో చూడడానికి ఇంతకు మించి ఏమీ లేదు, ఆ పొదుపే వాటి అందం. రెండేళ్లుగా దాదాపు రోజూ నేను తొడుగుతున్న జత ఇది. అడుగు చదునుగా ఉంటుంది కనుక, మెత్తని పరుగు బూట్లకు అలవాటు పడినవారికి మొదట్లో కొత్తగా అనిపించవచ్చు. ప్యాంటు మీదకు, జీన్స్ మీదకు, చివరికి పెళ్లి విందులో కుర్తా మీదకు కూడా ఇబ్బంది లేకుండా ఒదిగిపోతుంది.

టెన్నిస్ బూట్లంటే గుడ్డతో కుట్టినవే అనుకునే 1960లలో ఫ్రెంచి ఆటగాడు రాబర్ట్ హాయే కోసం తోలుతో రూపొందించిన నమూనా ఇది. 1970లలో అమెరికన్ ఆటగాడు స్టాన్ స్మిత్ పేరు దీనికి అంటుకుంది, ఆ తరువాత హాయే పేరు తొలగిపోయింది. ఇప్పుడు స్మిత్ వంతు వచ్చినట్లుంది: ఈ బూటు తొడిగిన చాలామందికి నాలుక మీది ముఖం ఒక ఛాంపియన్‌దని తెలియదు.

స్మిత్ 1971లో యూఎస్ ఓపెన్, 1972లో వింబుల్డన్ గెలిచాడు. వాన వల్ల ఆదివారానికి వాయిదా పడిన ఆ వింబుల్డన్ ఫైనల్లో రొమేనియా మాంత్రికుడు ఇలీ నస్తాసెను ఐదో సెట్‌లో 7-5తో ఓడించాడు. నా దృష్టిలో అతని అసలైన ఘనత అదే ఏడాది అక్టోబరులో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో జరిగిన, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ ఫైనల్. అది రొమేనియన్లకు ఇష్టమైన ఎర్రమట్టి కోర్టు, చుట్టూ హోరెత్తే జనం, పైగా లైన్ తీర్పులు ఆతిథ్య జట్టు వైపు మొగ్గుతున్నాయన్న విమర్శలు. పచ్చిక మీద సర్వ్ చేసి నెట్ దగ్గరకు దూసుకుపోయే ఆటగాడికి అంతకంటే ప్రతికూలమైన చోటు ఉండదు. అయినా అతను మొదటి రోజు నస్తాసెను వరుస సెట్లలో ఓడించాడు, డబుల్స్‌లో తోడు నిలిచాడు, కప్పును తేల్చిన మ్యాచ్‌లో ఇయోన్ తిరియాక్‌పై ఐదో సెట్‌ను 6-0తో ముగించాడు.

ఈ బూట్లు చూసినప్పుడల్లా, ఏ బూటు మీదా ముఖం లేని మరొక విజేత గుర్తుకు వస్తాడు. 1971 యూఎస్ ఓపెన్ ఫైనల్లో స్మిత్ చేతిలో ఓడిన చెక్ ఆటగాడు యాన్ కోడెష్, 1970, 1971లలో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. ఆ యూఎస్ ఓపెన్‌లో సీడింగ్ (మేటి ఆటగాళ్లకు టోర్నీ ముందే ఇచ్చే వరుస స్థానం) కూడా లేకుండా దిగి, మొదటి రౌండ్‌లోనే టాప్ సీడ్, ఆస్ట్రేలియా ఆటగాడు జాన్ న్యూకోంబ్‌ను ఇంటికి పంపాడు. 1973లో వింబుల్డన్ కూడా అతనిదే అయింది, కానీ ఆ విజయాన్ని నేటికీ తక్కువ చేసి మాట్లాడుతారు. యుగోస్లావియా ఆటగాడు నికోలా పిలిచ్‌పై పడిన వేటుకు నిరసనగా స్మిత్‌తో సహా 81 మంది ఆటగాళ్లు ఆ ఏడాది వింబుల్డన్‌ను బహిష్కరించడమే కారణం. అయితే నస్తాసె, జిమ్మీ కానర్స్ ఆడారు. క్వార్టర్ ఫైనల్లో మన మద్రాసు కుర్రాడు, పందొమ్మిదేళ్ల విజయ్ అమృత్‌రాజ్, కోడెష్‌ను ఐదో సెట్‌లో 7-5 వరకు లాగాడు. అదేమీ నడుచుకుంటూ వెళ్లి కప్పు అందుకున్న ప్రయాణం కాదు.

కోడెష్ మీది అనుమానానికి జవాబు రెండు నెలల్లోనే వచ్చింది. న్యూయార్క్‌లోని ఫారెస్ట్ హిల్స్ పచ్చిక మీద, అందరూ ఆడిన యూఎస్ ఓపెన్ సెమీఫైనల్లో, అతను స్మిత్‌నే ఐదు సెట్లలో ఓడించాడు. ఆ వసంతంలోనే డాలస్‌లో ఆర్థర్ ఆష్‌ను ఓడించి డబ్ల్యూసీటీ (వరల్డ్ ఛాంపియన్‌షిప్ టెన్నిస్ అనే ప్రొఫెషనల్ పోటీల వరుస) టైటిల్ గెలిచిన స్మిత్ అప్పుడు మంచి ఊపులో ఉన్నాడు. ఫైనల్లో న్యూకోంబ్‌పై కోడెష్ ఓడినా, ఆ పోరు కూడా ఐదు సెట్లు సాగింది. అందుకే ఇద్దరిలో ఎక్కువ అన్యాయానికి గురైనది కోడెషే అని నా అభిప్రాయం. జట్టు కోసం ఒకే ఒక్క మ్యాచ్ గెలవాల్సి వస్తే మాత్రం, బుకారెస్ట్ చూపిన గుండె నిబ్బరం కారణంగా నేను స్మిత్‌నే పంపుతాను.

ఇక కొనేవారికి రెండు మాటలు. ఇది పుట్టినప్పుడు ఆటబూటే గాని, నేటి హార్డ్ కోర్టుల మీద పక్కలకు చటుక్కున మళ్లుతూ పరుగెత్తే ఆటకు ఉద్దేశించినది కాదు, కనుక ఆడేవారు వేరే జత తీసుకోవాలి. ఇటీవలి సంవత్సరాలలో ప్రధాన నమూనాకు తోలు బదులు రీసైకిల్ చేసిన పదార్థాలు వాడుతున్నారు కనుక, తోలే కావాలనుకునేవారు అట్టపెట్టె మీది వివరం చదివి ఎంచుకోవాలి. రంగులు ఎన్ని దొరికినా, ఆకుపచ్చ మడమ ఉన్న తెల్ల జతనే, నాలుక మీద స్మిత్ ముఖం స్పష్టంగా అచ్చయిందో లేదో చూసి తీసుకోండి.