42 రోజుల గడువు, హైదరాబాద్‌లో 18 రోజులు

బెంగళూరులో ఎస్‌ఎస్‌బీ, అంటే ఆర్మీ ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ, ఐదో రోజు సెలక్ట్ అయినవాళ్లలో నా చెస్ట్ నంబర్ చదివినప్పుడు మెడికల్ గురించి నా బుర్రలో ఒక్క ఆలోచన కూడా లేదు. రోజూ పరిగెత్తేవాణ్ని, ఒంట్లో ఏ జబ్బూ లేదు, ఇంకేం చూస్తారులే అనుకున్నా. మిలిటరీ హాస్పిటల్లో ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ తిప్పి, నాలుగైదు రోజులు చూసి, చివర్లో టెంపరరీ అన్‌ఫిట్ అన్నారు. కారణాలు రెండు. బరువు ఎక్కువ, కుడి చెవిలో గులిమి. అమ్మకు ఫోన్ చేసి గులిమి అని చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గంతేనా బిడ్డా, చిన్నప్పుడు నేనే తీసేదాన్ని గదా" అంది. నాకు ఏడుపొచ్చింది.

మళ్లీ పరీక్ష చేసే అప్పీల్ మెడికల్ బోర్డుకు 42 రోజుల్లోపు హాజరవ్వాలి. కరీంనగర్‌లోనూ ఈఎన్‌టీ డాక్టర్లున్నారు, చెవి ఒక్కటే అయితే అక్కడే అయిపోయేది. కానీ ఒకసారి దెబ్బ తిన్నాక తల నుంచి కాలి దాకా మొత్తం ఒకసారి చూపించుకోవాలనిపించింది, అందుకే హైదరాబాద్ బస్సెక్కి సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండ్‌లో దిగా. ఆ 18 రోజుల్లో ఎక్కడ ఉన్నా, ఎవరికి చూపించుకున్నా, ఏ డబ్బులు దండగయ్యాయి, ఏవి పనికొచ్చాయి అన్నదే ఇది. ఆఫీసర్ ఎంట్రీకి తయారవుతున్నవాళ్లు ఎస్‌ఎస్‌బీకి వెళ్లకముందే చదవాలని నా కోరిక.

మొదటి రెండు రాత్రులు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఉన్నా. స్టేషన్‌కు దగ్గరని తీసుకున్నా, అదే తప్పయింది. రాత్రంతా ఆటోల మోత, కారిడార్లో బ్యాగులు ఈడ్చే చప్పుడు, రెండు రాత్రులూ కలిపి ఐదారు గంటలు నిద్రపోయి ఉంటా. నిద్ర లేకపోతే బీపీ ఎక్కువ చూపిస్తుంది, నాడి కూడా వేగంగా కొట్టుకుంటుంది. 140/90 దాటితే ఇబ్బంది, నాడి 100 దాటినా ఇబ్బందే. రూమ్ అంటే మనం చూసేది మంచం, బాత్రూమ్. ఈ పనికి వచ్చినవాడు మాత్రం ముందు నిద్ర పడుతుందా లేదా అన్నది చూసుకోవాలి.

మూడో రోజు తార్నాకలో ఒక బాయ్స్ హాస్టల్‌కి మారా. నెల అడ్వాన్స్ అడిగారు, సంగతి చెబితే ఓనర్ "సరే తమ్మీ, పదిహేను రోజుల లెక్కన ఇయ్యి" అన్నాడు. ముగ్గురు పట్టే గది, సోలార్ వేడి నీళ్లు, కింద మెస్. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లు కూడా తిరిగి చూశా, అవి కోచింగ్ పిల్లలకు బాగుంటాయి, గల్లీలో అడుగు తీసి అడుగు పెట్టాలంటే కష్టం, పొద్దున పరుగుకు చోటు లేదు. తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ నడిచి వెళ్లేంత దూరం. పైగా మెట్రో. బ్లూ లైన్లో పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి, అక్కడ గ్రీన్ లైన్ ఎక్కితే నేరుగా సుల్తాన్ బజార్‌లో దిగొచ్చు, అక్కడి నుంచి కోఠి నడకే.

ఇక డబ్బులు పోయిన సంగతి. ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు డిఫెన్స్ ప్రీ మెడికల్ ప్యాకేజీ అని 6,500 తీసుకున్నారు. పేరు చెప్పను. కొవ్వు పరీక్ష, థైరాయిడ్, విటమిన్ డి, విటమిన్ బి12, లివర్, కిడ్నీ, అన్నీ చేసి పన్నెండు పేజీల రిపోర్ట్ ఇచ్చారు. రక్తం తీసిన అమ్మాయి తప్ప నన్ను ఎవరూ ముట్టుకోలేదు. చెవిలోకి టార్చ్ వెయ్యలేదు, పళ్లు లెక్కపెట్టలేదు, మోకాళ్లు కలిపి నిలబడమనలేదు. మిలిటరీ బోర్డులోనూ రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, కడుపు స్కానింగ్ ఉంటాయి, కాదనను. కానీ మా బ్యాచ్‌లో, పక్క బ్యాచ్‌లో ఆగిపోయినవాళ్లలో రక్తం రిపోర్ట్ వల్ల ఆగినవాడు నాకు ఒక్కడూ కనబడలేదు. గులిమి, బరువు, ముక్కులో అడ్డుగోడ వంకర, వేరికోసిల్ (వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం), పైల్స్, వీటితోనే ఆగారు. ఆఫీసర్ ఎంట్రీకి రాసే సీడీఎస్ పరీక్ష నోటిఫికేషన్‌లో యూపీఎస్సీ వాళ్లే ఈ పేర్లన్నీ రాసి ముందే చూపించుకోండి అని చెబుతారు. నేను ఆ పేజీ దాటేసి పరీక్ష సిలబస్ చదువుకున్నా.

అసలు మేలు జరిగింది సైనిక్‌పురిలో. అక్కడ మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉంటాయి, హాస్టల్లో ఒకబ్బాయి వాళ్ల మామయ్య చెబితే ఒక రిటైర్డ్ ఆర్మీ డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఇంటి ముందు గదే క్లినిక్. 800 ఫీజు, 50 నిమిషాలు చూశారు. బట్టలు విప్పించి గోడకు ఆనించి నిలబెట్టారు. చేతులు చాపి అరచేతులు ముందుకు తిప్పమని, మోచేయి దగ్గర ఒక ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి కోణం చూశారు, దాన్నే క్యారీయింగ్ యాంగిల్ అంటారు, మగవాళ్లకు 15 డిగ్రీలు దాటకూడదు. మోకాళ్లు ఆనించి నిలబడితే చీలమండల మధ్య ఎంత ఎడం ఉందో టేపుతో కొలిచారు, 5 సెంటీమీటర్లు దాటితే నాక్ నీ, అంటే మోకాళ్లు లోపలికి వంగినట్టు లెక్క. పాదం చదునుగా ఉందేమోనని తడి పాదంతో గచ్చు మీద నడిపించి అచ్చు చూశారు. దగ్గమన్నారు, ఊపిరి బిగబట్టమన్నారు, వేరికోసిల్, హెర్నియా లేవన్నారు. ఛాతీ కొలిచి, గాలి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్లు పెరగాలి, పెరుగుతోంది అన్నారు.

నేను మోచేతి కోణం తగ్గే ఎక్సర్‌సైజులేమైనా ఉన్నాయా అని అడిగా, నాది 12 వచ్చింది కాబట్టి అవసరం లేదు, కానీ హాస్టల్లో ఇంకొకడికి 17 ఉంది, వాడు దానికోసం ఎవరికో నెలకింత కడుతున్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి "అది ఎముక తీరు బేటా, డంబెల్స్‌తో మారదు, ఆ అబ్బాయిని ముందు సరిగ్గా కొలిపించుకోమను, చాలామంది కొలవడమే తప్పు కొలుస్తారు" అన్నారు. ఆ అబ్బాయిని మర్నాడు నేనే తీసుకెళ్లా.

బయట వరండాలో ఒకమ్మాయి వాళ్ల నాన్నతో కూర్చుని ఉంది, చెన్నైలో ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ ఇచ్చే ఓటీఏ ఎంట్రీకి వెళ్తోందట. అమ్మాయిలకు మోచేతి కోణం 18 డిగ్రీల వరకు పర్వాలేదని ఆ డాక్టరే చెప్పారు.

చెవికి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ హాస్పిటల్‌కి వెళ్లా. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి. నా చెవిలో గులిమి గట్టిపడి గోడకు అతుక్కుపోయిందని, ముందు ఐదు రోజులు చుక్కల మందు వేసుకుని రమ్మన్నారు. ఆ ఐదు రోజులూ చెవి మూసుకుపోయినట్టుండి కుడివైపు సరిగ్గా వినబడక చాలా టెన్షన్ పడ్డా, మందు పడ్డాక గులిమి ఉబ్బడం వల్ల అలా ఉంటుందట. ఆరో రోజు సన్నటి గొట్టంతో లాగేశారు. జుర్రుమని పెద్ద చప్పుడు, ఒక్క క్షణం తల తిరిగింది, తర్వాత ఉన్నట్టుండి గదిలో ఫ్యాన్ చప్పుడు, పక్క టేబుల్ దగ్గర పేపరు చింపిన చప్పుడు, అన్నీ వినబడ్డాయి. డాక్టరమ్మ ట్రేలో చూపించింది, పెసర గింజంత నల్లటి ముక్క. దానికోసం నేను బెంగళూరు నుంచి వెనక్కి వచ్చా.

ఆమె చెప్పిన ముఖ్యమైన మాట, బోర్డుకు ముందురోజు తీయించుకోవద్దు. తీశాక చర్మం ఒకటి రెండు రోజులు ఎర్రగా ఉండొచ్చు, చూసినవాళ్లు ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు. కనీసం వారం ముందు తీయించుకోవాలి, తర్వాత ఇయర్ బడ్స్ అసలు పెట్టొద్దు, అవి గులిమిని లోపలికే తోస్తాయి. నా చెవి అలా కావడానికి కారణం కూడా అదే, పదో తరగతి నుంచి వారానికి రెండుసార్లు బడ్ పెట్టేవాణ్ని.

వినికిడి పరీక్ష ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు తక్కువ. 610 సెంటీమీటర్ల దూరంలో, అంటే 20 అడుగులు, మనం వీపు తిప్పి నిలబడితే డాక్టర్ గుసగుసగా పలుకుతారు, ఒక్కో చెవితో విని మనం తిరిగి చెప్పాలి. హాస్టల్ మేడ మీద టేపుతో 20 అడుగులు కొలిచి సుద్దముక్కతో గీత గీశాం. రాత్రి పదింటికి రోడ్డు కాస్త సద్దుమణిగాక నా రూమ్మేట్ ఆ గీత మీద నిలబడి "ఎనభై ఎనిమిది" అనేవాడు, "కొత్తిమీర" అనేవాడు, "తార్నాక" అనేవాడు. గులిమి తీయించుకోకముందు కుడి చెవితో పదిలో నాలుగు పట్టుకున్నా, తీశాక పదికి పది. ఆ రాత్రి మేమిద్దరం మేడ మీదే చాలాసేపు కూర్చున్నాం.

పళ్లకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ. పళ్లకు పాయింట్లుంటాయని నాకు అక్కడికి వెళ్లేదాకా సరిగ్గా తెలియదు. అన్నీ బాగుంటే 22, కనీసం 14 ఉండాలి. హౌస్ సర్జన్ అమ్మాయి పైకే లెక్కపెట్టింది, నాకు 20 వచ్చాయి, ఒక దవడ పన్ను పుచ్చు ఉంటే అక్కడే ఫిల్లింగ్ చేశారు. ఖర్చు చాలా తక్కువ, పని నీట్‌గా ఉంది.

కళ్లకు బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌కి వెళ్లా. నాకు చిన్న పవర్ ఉంది, అద్దాలతో 6/6 వస్తోంది, రంగులు గుర్తుపట్టే పరీక్షకు వాడే ఇషిహారా పుస్తకంలో రంగు చుక్కల అంకెలన్నీ చదివా. అక్కడ గట్టిగా అడిగి తెలుసుకున్నది మాత్రం నా రూమ్మేట్ కోసం. వాడికి 19 ఏళ్లు, ఎవరో చెప్పారని వచ్చే నెలలో లేసిక్, అంటే అద్దాలు పోవడానికి చేసే లేజర్ ఆపరేషన్, చేయించుకుందామనుకుంటున్నాడు. గ్రాడ్యుయేట్ ఎంట్రీలో లేసిక్ ఒప్పుకుంటారు గానీ ఆపరేషన్ నాటికి 20 నిండి ఉండాలి, ఆపరేషన్ తర్వాత కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 450 మైక్రాన్లకు తగ్గకూడదు, కంటి పొడవు 26 మిల్లీమీటర్లు దాటకూడదు. 19కే చేయించుకుని ఉంటే వాడికి ఆ దారే మూసుకుపోయేది. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి ఆపించా. నా 18 రోజుల్లో నాకు నిజంగా తృప్తినిచ్చిన పని ఇదే.

బరువు మాత్రం రోజూ తిన్న దెబ్బ. నా ఎత్తు 170 సెంటీమీటర్లు, 20 దాటి 30 లోపు వయసుకు ఆ ఎత్తులో ఆర్మీ పట్టికలో పై హద్దు 66.5 కిలోలు. జేబీఎస్‌లో దిగిన రోజు 70.2 ఉన్నా. బాడీ గట్టిగానే ఉంది గదా అనుకుంటాం, తూకానికి అది పట్టదు. పొద్దున ఐదింటికి లేచి ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద పరుగు, అక్కడ ఆ టైమ్‌కి ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు గుంపులు గుంపులుగా ఉంటారు, వాళ్ల వెనక పడితే ఐదు కిలోమీటర్లు తెలియకుండానే అయిపోతాయి. కేబీఆర్ పార్క్‌కి కూడా రెండుసార్లు వెళ్లా, చెట్లు, నెమళ్లు, మనసుకు హాయిగా ఉంటుంది, నడకకు చాలా బాగుంటుంది, పరుగుకు మాత్రం క్యాంపస్సే మేలు, తార్నాక నుంచి రానూపోనూ పట్టే టైమ్ కూడా మిగులుతుంది.

మెస్‌లో రాత్రి తెల్లన్నం మానేశా. మెయిన్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి ఒకామె పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేస్తుంది, చేత్తో తట్టి పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్దుతుంది, రెండు రొట్టెలు, ఆకుకూర పప్పు, అంతే. అమ్మ పంపిన నువ్వుల లడ్డూల డబ్బా రూమ్మేట్లకు ఇచ్చేశా, ఆ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు. చివరి వారంలో హాస్టల్లో ఒకతను మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వేసుకుంటే రెండు కిలోలు ఒక్క రోజులో తగ్గుతాయని ఇవ్వబోయాడు. సైనిక్‌పురి డాక్టర్‌కి ఫోన్ చేస్తే గట్టిగా కోప్పడ్డారు, ఒంట్లో నీళ్లు ఎండిపోతే గుండె లయ తప్పొచ్చు, మూత్రం పరీక్షలోనే తేడా కనబడొచ్చు, ఆ జోలికి పోకు అన్నారు. దయచేసి మీరూ పోకండి. 18వ రోజు పొద్దున 66.9 ఉన్నా. మిగతాది కరీంనగర్‌లో ఇంటి దగ్గరే తగ్గించా, మానేరు కట్ట మీద పరుగుతో.

గడువులో 37వ రోజు రాత్రి కాచిగూడలో బెంగళూరు రైలెక్కా. అక్కడ అప్పీల్ బోర్డులో తూకం మీద నిలబడితే 65.8. చెవి చూసిన డాక్టర్ రెండు వైపులా టార్చ్ వేసి చూసి, వెనక్కి వెళ్లి, వీపు తిప్పి నిలబడమన్నారు. ఇంగ్లీషులో అంకెలు. కుడి చెవిలో పడిన మొదటి మాట ఎయిటీ ఎయిట్.

ఫిట్ అన్నారు. మెరిట్ లిస్ట్ ఇంకా రావాలి, సీట్లను బట్టి పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గేటు బయటికొచ్చి మొదట రూమ్మేట్‌కి ఫోన్ చేశా, వాడు ఎత్తగానే ఏమీ అడగకుండా గుసగుసగా "కొత్తిమీర" అన్నాడు.