హనుమకొండలో లా చదువు: గది ఎక్కడ, కోర్టు ఎంత దూరం

హనుమకొండలో లా సీటు వచ్చినవాళ్లు ముందుగా అడిగేది హాస్టల్‌లో భోజనం ఎట్లుంటది, వైఫై ఉందా అని. కోర్టు ఎంత దూరమో అడగండి అంటాను నేను. హైదరాబాద్‌లో చదివే మా దోస్తులకు కోర్టుకు పోయి రావడంతోనే ఒక పూట గడిచిపోతుంది. ఇక్కడ లా కాలేజీ ఉన్న సుబేదారి నుంచి కోర్టు ఉన్న అదాలత్ దాకా నడిచిపోవచ్చు.

కాకతీయ యూనివర్సిటీ 1976లో ఏర్పడింది. అంతకుముందు ఇక్కడున్నది ఉస్మానియా పీజీ సెంటర్. ఆ యూనివర్సిటీదే అయిన సుబేదారి లా కాలేజీలో క్లాసులు బాగానే జరుగుతాయి గానీ, నాకు అసలు చదువు అబ్బింది కోర్టు హాల్లో వెనక బెంచీ మీదే. 2021 డిసెంబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ప్రారంభించిన కోర్టు భవనం అది. బంట్రోతు గుమ్మంలో నిలబడి పార్టీల పేర్లు కేకేస్తాడు. భూమి దావాకు వచ్చిన ఓ పెద్దాయన చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. రెండు నిమిషాల్లో వాయిదా పడింది. తేదీని వకీలు గుమాస్తాతో అరచేతిలో రాయించుకుని పోయాడు. సివిల్ ప్రొసీజర్ ఏ నోట్సులోనూ నాకు అంత బాగా ఎక్కలేదు.

సీనియర్లు పాత పుస్తకాలు సగం ధరకు అమ్ముతారు. క్రిమినల్ లా అయితే చూసుకుని కొనండి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఇప్పుడు 302 కాదు, 103. అలాగని పాతది పారేయొద్దు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇంకా ఐపీసీయే.

గదులు నయీంనగర్‌లో చవక, కర్రీ పాయింట్లు కూడా ఎక్కువ. కానీ 2023 జూలై వానలకు ఆ వీధులు మునిగాయి, కింది అంతస్తు వద్దు. నేను మొదట దిగిన హాస్టల్ వాళ్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని అడ్వాన్సులో సగం కోసుకున్నారు. కాంట్రాక్ట్ చట్టంలో ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న అమ్మాయి దగ్గర! రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి.

మంచిర్యాల వైపు నుంచి వచ్చేవాళ్లు కాజీపేటలో దిగితే మేలు, సుబేదారికి అదే దగ్గర. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఆటో ఖర్చు తప్పుతుంది.

ఆదివారం వేయిస్తంభాల గుడి చాలు. 1163 నాటి రుద్రదేవుడి శాసనం అక్కడే ఉంది. వరంగల్ కోటకు మాత్రం ఎండ దిగాకే బయల్దేరండి, తోరణాల దగ్గర నీడ తక్కువ.